ముఖం లోపలికి, తెలుపు బయటికి

ఫ్లెక్సీ మీద మామూలు సూది నిలవదు. నాలుగు కుట్లు పడేలోపే టక్కుమని విరుగుతుంది. లావు సూది వేయాలి, అడుగున పాత న్యూస్‌పేపరు పరవాలి, లేకపోతే ఫ్లెక్సీ మిషన్ పాదానికి అతుక్కుని ముందుకు జరగదు. స్వచ్ఛంద సంస్థ ఒక వ్యాపారం పెట్టి నడపాలంటే ఏం చేయాలని నన్ను అడగడానికి వచ్చే పిల్లలకు మొదట ఈ ముక్కే చెబుతాను. వాళ్లు రాసుకోరు. పెన్ను పట్టుకుని అసలు విషయం కోసం ఎదురుచూస్తుంటారు. అసలు విషయం అదే బిడ్డా అంటే, ముసలిది వేళాకోళం ఆడుతోందనుకుని నవ్వుతారు. వాళ్లలో సగం మంది వ్యాపారాలు సూది దగ్గరే విరిగాయి.

నా పేరు సత్తెమ్మ. వారాసిగూడలో ఒక్క గదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లు, లంగాలు కుట్టేదాన్ని. అక్షరాలు నలభై దాటాక నేర్చుకున్నాను, తార్నాకలో ఒక మహిళా సంస్థ నడిపిన సాయంత్రం బడిలో. ఆలస్యంగా నేర్చుకున్నవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది. కంటికి కనబడిందల్లా చదువుతారు. బస్సు వెనక రాసింది, అగ్గిపెట్టె మీద రాసింది, బజ్జీలు కట్టిచ్చిన కాగితం మీది సగం వార్త కూడా. అక్షరాలు నేర్పిన ఆ సంస్థే తర్వాత నాకు పని కూడా ఇచ్చింది. ఆ పనిలోనే తల నెరిసి, ఈ మధ్యే దిగిపోయాను. ఎప్పుడు ఏ హోదా ఇచ్చారో, ఏ సభలో శాలువా కప్పారో ఇక్కడ రాయను. శాలువాలు అందరికీ కప్పుతారు. మాకు తల వాచిన సంగతులే రాస్తాను.

షెడ్డు

యూనివర్సిటీ క్యాంపస్‌లో పాత సైకిల్ స్టాండు ఒకటి ఉండేది. పిల్లలందరూ బైకుల మీదికి మారాక అది ఖాళీ పడింది. రేకుల కప్పు, మూడు వైపులా గోడ, ఒక ఇనుప గేటు. మా డైరెక్టర్ వసుంధరగారు యూనివర్సిటీ వాళ్ల చుట్టూ తిరిగి తిరిగి దాన్ని మాకు ఇప్పించారు. క్యాంపస్‌లో రోజూ ఏదో ఒక సదస్సు, దానికొక ఫ్లెక్సీ. బయట రోడ్డు మీద రోజూ ఎవరిదో పుట్టినరోజు, దానికి పది ఫ్లెక్సీలు. పని అయిపోయిన ఆ ఫ్లెక్సీలను తెచ్చి, కడిగి, కత్తిరించి, నవారు పట్టీలు వేసి కూరగాయల సంచులు కుట్టాలన్నది ఆలోచన. ఆలోచన మంచిదే. ఆలోచనలన్నీ మంచివే ఉంటాయి.

సంస్థకు డబ్బు ఇచ్చే దాతలు మొదటి ఏడాదే చెప్పేశారు, మిషన్లు కొనిస్తాం, ఆ తర్వాత మీ కాళ్ల మీద మీరు నిలబడాలి అని. యూనివర్సిటీ ఎస్టేట్ ఆఫీసరు ఇంకో మాట చెప్పాడు. ఆయన ఎప్పుడూ నడుముకు తాళాల గుత్తి కట్టుకుని తిరిగే మనిషి. గుత్తిని ఒకసారి గలగలలాడించి, "చూడమ్మా, బయటి మనిషి వచ్చి ఒక్క ఫిర్యాదు ఇచ్చిండనుకో, ఈ గేటుకు నా తాళం పడతది. ఇగ మల్ల తెర్వ" అన్నాడు.

ఆ షెడ్డులో కుట్టేవాళ్లం అందరం ఇళ్లలో పనులు మానుకుని వచ్చినవాళ్లమే. నా ఒంటి గది మిషన్‌ను అమ్మేసుకుని వచ్చాను నేను. షెడ్డు పోతే వెనక్కి పోవడానికి ఎవరికీ ఏమీ మిగలలేదు. ఈ రాతంతా ఆ గేటు గురించే. దానికి తాళం పడిందా లేదా అన్నదే కథ. మిగిలినవి మధ్యలో మేము చేసిన తెలివితక్కువ పనులు.

బేరానికి వచ్చిన మనిషిని కూర్చోబెట్టకండి

వసుంధరగారు గుంటూరు వైపు నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డ కుటుంబం మనిషి. బంగారం లాంటి మనసు. ఆవిడను ఒక దుకాణంలో కూర్చోబెడితే సాయంత్రానికి దుకాణంతో పాటు తన చెప్పులు కూడా ఎవరికో ఇచ్చేసి ఇంటికి నడిచి వస్తారు. ఆవిడకు మనుషులంటే రెండే రకాలు, ఇచ్చే దాతలు, పుచ్చుకునే లబ్ధిదారులు. డబ్బిచ్చి వస్తువు పట్టుకుని పోయే మూడో రకాన్ని ఆవిడ జన్మలో చూడలేదు.

షెడ్డు తెరిచిన రోజు మొదటి బేరం ఒక హాస్టల్ అమ్మాయి. సంచి చూసింది, నచ్చింది, ఎంత అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే వసుంధరగారు ఎదురొచ్చి, "రండమ్మా, రండి, కూర్చోండి" అని కుర్చీ వేశారు. టీ ఇచ్చారు. హాజరు పట్టీ చేతికిచ్చారు. పేరు, ఊరు, వయసు, కులం, పెళ్లయిందా లేదా. ఆ పిల్ల బిక్కమొహం వేసుకుని నింపింది. తర్వాత అందరం నిలబడి మా సంస్థ పాట పాడాం. మూడు చరణాలు. తర్వాత ప్లాస్టిక్ వల్ల భూమికి జరిగే నష్టం మీద వసుంధరగారు మాట్లాడారు. చివరికి బ్యానరు పట్టుకుని గ్రూప్ ఫోటో తీసుకున్నాం. ఆ పిల్లను మధ్యలో నిలబెట్టాం.

ఫోటో అయ్యేసరికి ఆ పిల్ల సంచిని కుర్చీలో వదిలేసి హాస్టల్ దారి పట్టింది. పరిగెత్తలేదుగానీ అంత పనీ చేసింది.

"ఏమైందండీ సత్తెమ్మగారూ, అంత శ్రద్ధగా విన్నదే!" అన్నారు వసుంధరగారు.

"వినడానికి రాలే మేడం, కొననీకి వచ్చింది" అన్నాను.

"మరి కొనకుండా వెళ్లిపోయిందేంటండీ?"

"కొనేటందుకు మనం ఎప్పుడు సందిచ్చినం?"

ఆవిడ కాసేపు ఆలోచించి, ఈ విషయం మీద ఒక వర్క్‌షాపు పెడదామన్నారు.

పిల్లలూ, సంస్థ వేరు, దుకాణం వేరు. రెండూ ఒకే కప్పు కింద ఉండొచ్చుగానీ ఒకే నోటితో మాట్లాడకూడదు. దుకాణం వైపు కూర్చున్న మనిషి వస్తువు, ధర, చిల్లర, ఈ మూడే మాట్లాడాలి. భూమి సంగతి సంచి చూసుకుంటుంది.

ఆ తర్వాత ఇంకో తెలివి వచ్చింది. ఎవరో సలహాదారు చెప్పాడట, ప్రతి వస్తువు వెనక ఒక కథ ఉండాలని. సంచికొక చీటీ కట్టి, దాని మీద కుట్టిన మనిషి కష్టం అచ్చేయించారు. కాలేజీ నుంచి వచ్చిన ఒక వలంటీరు పిల్ల రాసింది. మా స్వరూప అని ఒకామె ఉంది, నా తర్వాత షెడ్డులో చేయి తిరిగిన మనిషి. ఆమె కష్టం ఎంత అడిగినా సరిపడా దొరకలేదు. పిల్లలు చదువుకుంటున్నారు, మొగుడు అంజయ్య ఆటో నడుపుతాడు, రోజూ తనే తెచ్చి దింపి, సాయంత్రం తీసుకుపోతాడు. దాంతో ఆ వలంటీరు తనకు తోచింది రాసేసింది, 'భర్త నిరాదరణకు గురైన స్వరూప తన కాళ్ల మీద నిలబడింది' అని.

అంజయ్య సాయంత్రం గేటు దగ్గర ఆటో ఆపుకుని, ఊసుపోక ఒక చీటీ చదివాడు.

"స్వరూపా! నేను నిన్ను ఎప్పుడు ఇడిసిపెట్టిన?"

"ఏమో, నాకేం ఎరుక. ఆ పిల్ల రాసింది."

"రాస్తే? నువ్వు చూస్కుంట ఊకున్నవా?"

"మస్తు అమ్ముడుపోతున్నయి అయ్యా, నా సంచులు. నీ పున్నెమే."

అంజయ్యకు కోపమొచ్చి, ఖాళీ ఆటో తోలుకుని పోయాడు. ఆ రోజు స్వరూప నడిచి ఇంటికి పోయింది. చీటీ మీది మాట ఒక్క సాయంత్రం నిజమైంది. మర్నాడు చీటీలన్నీ నేను తీసి పొయ్యిలో పడేశాను. జాలి పడి కొన్న మనిషి ఒకసారి కొంటాడు, అందరికీ చెప్పుకుంటాడు, సంచిని మాత్రం అటక మీద పెడతాడు. ఉల్లిగడ్డ బరువుకు పట్టీ తెగలేదని కొన్న మనిషి చుట్టుపక్కల వాళ్లను తీసుకొస్తాడు.

సభ ముగియకముందే

వ్యాపారానికి సరుకు కావాలి. మాకు సరుకంటే ఫ్లెక్సీ. సదస్సు అయిపోగానే తీసుకోకపోతే ఎవరో ఒకరు పట్టుకుపోతారు, స్కూటరు మీద కప్పడానికో, వాన కారే గోడకు కట్టడానికో. అందుకని ముందే పోయి కాచుకునేవాళ్లం. స్వరూపకు ఓపిక తక్కువ.

ఒకసారి పెద్ద హాలులో సదస్సు. ఆఖరి వక్త లేచి, రెండు మాటలు చెప్పి ముగిస్తానన్నాడు. అన్నవాడు వేదకాలం నుంచి మొదలుపెట్టి, భోజనాల వేళ దాటినా ఇంకా మన కాలానికి రాలేదు. నేను గుమ్మం దగ్గర కూర్చుని ఫ్లెక్సీ మీది అక్షరాలన్నీ చదివేశాను, అడుగున చిన్నగా ఉన్న ప్రింటరు ఫోన్ నంబరుతో సహా. పక్కన చూస్తే స్వరూప లేదు. స్టేజీ మీదికి చూస్తే, ఆయన వెనకాల కుర్చీ ఎక్కి తాడు ముడి విప్పుతోంది.

నేను చెయ్యి ఊపాను, వద్దని. ఆమె కూడా నాకు చెయ్యి ఊపింది, సరేనని. ఒక పక్క తాడు వదులైంది. ఫ్లెక్సీ జారి ఆయన భుజం మీద పడింది, శాలువాలాగా. ఆయన ఆగి వెనక్కి చూశాడు. హాలులో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఇంక అంతే, హాలంతా లేచి నిలబడి చప్పట్లు. ఆయన తన మాటలకే అనుకుని దండం పెట్టి కూర్చున్నాడు. జనం అన్నం దగ్గరికి ఉరికారు.

మాకు చివాట్లు పడతాయని, దాంతో షెడ్డు పోతుందని నేను భయపడ్డాను. మర్నాడు రెండు డిపార్టుమెంట్ల నుంచి మనుషులు వచ్చారు. "అక్కా, వచ్చే వారం మా సదస్సుకు కూడా ఆమెను పంపుతరా?" అని. ఆ తర్వాత సరుకుకు మాకు కరువు రాలేదు. దీంట్లో నీతి ఏమిటని నన్ను అడగకండి. నాకూ తెలియదు.

ఇద్దరు నాయకులు, ఒక సంచి

సదస్సు ఫ్లెక్సీల్లో అక్షరాలే ఎక్కువ. రోడ్డు మీది ఫ్లెక్సీల్లో ముఖాలే ఎక్కువ. ముఖం ఎక్కడ కత్తిరించాలో మాకు ఎవరూ చెప్పలేదు. మొదట్లో కొలత ప్రకారం కోసుకుంటూ పోయాం. ఒక సంచికి ముక్కు, మీసం వచ్చేవి. ఇంకో సంచికి చెవి, మెడలో గొలుసు, 'శుభాకాంక్షలతో' అన్న మాటలో సగం.

ఒకరోజు పొద్దున షెడ్డు ముందుకు రెండు విద్యార్థి సంఘాల పిల్లలు ఒకేసారి వచ్చారు. రెండు జట్లూ ఒకే సంచి పట్టుకుని ఉన్నాయి, చెరో పట్టీ.

"పెద్దమ్మా, మా లీడర్ మొఖం గింత అడుగున పెట్టిన్రేంది? నేల మీద పెడితె మట్టి అంటుతున్నది" అన్నాడు ఒకడు.

"వాళ్ల లీడర్‌కు మీరు ప్రచారం చేస్తున్రా?" అన్నాడు రెండోవాడు.

సంచిని తిప్పి చూశాను. ముందు వైపు ఒక పార్టీ నాయకుడు, వెనక వైపు రెండో పార్టీ నాయకుడు. మా స్వరూప ఏ ముక్క చేతికొస్తే ఆ ముక్క కుట్టింది. ఎటు తిప్పినా ఎవరో ఒకరికి కోపం.

"వీళ్లిద్దరు బయట ఎన్నడన్న ఇంత దగ్గరగ కూసున్నరా బిడ్డా?" అన్నాను. "నడుమ వంకాయలు పెడితెగాని కూసోలే."

ఒకడికి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. రెండోవాడు మాత్రం ఎస్టేట్ ఆఫీసరు దగ్గరికి పోతానన్నాడు. అప్పుడు స్వరూప కత్తెర కింద పెట్టి, "ఆగున్రి తమ్మీ" అని, ఆ సంచిని లోపలిది బయటికి తిరగేసింది. ఫ్లెక్సీ వెనక భాగం ఉత్త తెలుపు. నాయకులిద్దరూ లోపలికి పోయారు. బయట ఏమీ లేదు.

"మరి మా లీడర్?" అన్నాడు మొదటివాడు.

"లోపటున్నడు. చల్లగ ఉంటది."

అంతే, ఆ రోజు నుంచి మా నియమం అదే అయింది. ముఖం లోపలికి, తెలుపు బయటికి. చూడటానికి శుభ్రంగా, ఏ గొడవా లేకుండా, సంచులు బాగా పోయాయి. తార్నాకలో సాయంత్రం కూరగాయల బండ్ల దగ్గర నిలబడితే ప్రతి నాలుగో చేతికి మా తెల్ల సంచే. లోపల ఎవరున్నారో వంకాయలకు మాత్రమే తెలుసు. వసుంధరగారు తన రిపోర్టులో దీన్ని 'నూతన ఆవిష్కరణ' అని రాసుకున్నారు. భయపడి చేసిన పనికి అంత పేరుంటుందని నాకప్పుడే తెలిసింది.

మునక్కాడల మనిషి

తెల్ల సంచికి ఒక చిక్కుంది. నాలుగు వారాలు వాడితే మాసిపోతుంది. ఫ్లెక్సీ మీద మరక సబ్బుకు లొంగదు. మాసిన సంచిని మనవాళ్లు ఏం చేస్తారు? తిరగేస్తారు. ఈ సంగతి మాకు తట్టలేదు.

సీతాఫల్‌మండిలో నర్సింగరావు అని ప్లాట్ల బేరాలు చేసే ఒకాయన ఉన్నాడు. తార్నాకలో స్కూటరు మీద పోతూ, బండ్ల దగ్గర తన తండ్రిని చూశాడు. తండ్రి పోయి కొన్ని నెలలైంది. తలపాగా, తెల్ల మీసం, మెడలో కండువా, నవ్వుతూ ఒక లెక్చరరమ్మ చేతికి వేలాడుతున్నాడు. లోపలి ఆలుగడ్డలకు బుగ్గలు ఉబ్బి ఉన్నాయి, మీసం మీద చింతపండు మరక. తలపాగా మీదుగా మునక్కాడలు పైకి లేచి ఉన్నాయి.

తర్వాత వాళ్లిద్దరూ చెప్పిందాన్ని బట్టి జరిగింది ఇది. నర్సింగరావు స్కూటరు రోడ్డు మధ్యలో ఆపేసి, "నాయినా!" అని అరిచాడు. అరిచి ఆమె వెంటపడ్డాడు.

"మేడం, మా నాయినను దించున్రి."

ఆమె భయపడి, "మీ నాన్న ఎవరండీ?" అంది.

"మీ చేతిల ఉన్నడు!"

పాపం ఆ లెక్చరరమ్మ ఏం చేస్తుంది? కూరగాయలు చున్నీలో పోసుకుని, సంచి ఆయన చేతికిచ్చి, ఇది ఎక్కడ కొన్నదో చెప్పి, బస్సు ఎక్కేసింది. ఆయన తండ్రిని చంకలో పెట్టుకుని నేరుగా ఎస్టేట్ ఆఫీసరు దగ్గరికి పోయాడు.

ఆఫీసరు మా దగ్గరికి వచ్చేటప్పటికి తాళం గుత్తిలోంచి విడిగా తీసి చేతిలో పట్టుకుని ఉన్నాడు. నర్సింగరావు వెనక నిలబడి ఉన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు. ఆ శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మాకు ఎలా వచ్చిందో తెలుసు, మూల మలుపులో గాలికి తెగిపడిన వాటిని ఒక ట్రాలీ ఆటో అతను తెచ్చి మా దగ్గర పడేస్తాడు. కానీ ఎలా వచ్చిందన్నది ఆయన అడగటం లేదు.

"మా నాయినల చింతపండు పోస్తరా?" అన్నాడు. అంతే అన్నాడు.

"సోమవారం పొద్దున వస్త" అన్నాడు ఆఫీసరు. "ఆయన ఫిర్యాదు ఎనకకు తీసుకుంటె సరే. లేకుంటె మిషన్లు బయట పెట్టుకోన్రి."

వాళ్లు పోయాక షెడ్డులో ఒక్క మిషన్ కూడా తిరగలేదు. స్వరూప కుప్పలోని సంచులన్నీ ఒక్కొక్కటే తిరగేసి చూడటం మొదలుపెట్టింది, ఇంకెవరైనా చనిపోయినవాళ్లు ఉన్నారేమోనని. ఉన్నారు. చాలామంది ఉన్నారు.

వసుంధరగారు కళ్లద్దాలు తుడుచుకుని, "ఒక సంప్రదింపుల సమావేశం ఏర్పాటు చేద్దామండీ. ఆయన్ని పిలుద్దాం. చార్టు మీద ఆయన బాధలన్నీ రాద్దాం. రంగు రంగుల చీటీలు..." అన్నారు.

"మేడం" అన్నాను, "సచ్చిన మనిషి సంగతి చార్టుల మీద తెగదు. ఇంటికి పోవాలె."

సీతాఫల్‌మండిలో

ఆదివారం అంజయ్య ఆటోలో పోయాం, వసుంధరగారు, స్వరూప, నేను. దారిలో వసుంధరగారి సంచిలో చూస్తే హాజరు పట్టీ కనబడింది. లాక్కుని నా కింద పెట్టుకుని కూర్చున్నాను.

నర్సింగరావు తలుపు తీశాడుగానీ రమ్మనలేదు. లోపలి నుంచి ఆయన తల్లి, రాజమ్మ, "ఎవరు రా? గుమ్మంల నిలవెడతవేంది, రానియ్యి" అని పిలిచింది. లోపల గోడకు దండ వేసిన ఫోటో. ఆ ఫోటో కింద స్టూలు మీద మా సంచి. దానికీ ఒక దండ వేశారు. ఒకే మనిషి, పైన ఒకసారి, కింద ఒకసారి. ఆ సంచికి నేను దండం పెట్టాను. ఏం చేయాలి మరి?

"తప్పయింది అన్నా" అన్నాను. "తెల్వక చేసినం. ఇంక మీ నాయిన మొఖం ఎక్కడున్న తెచ్చి మీకు అప్పజెప్తం. గేటుకు తాళం మాత్రం వేయించకుర్రి."

నర్సింగరావు తల తిప్పుకున్నాడు. "మీ నాయినను బజార్ల ఎవరన్న ఊపుకుంట తిరిగితె మీకు తెలుస్తది."

రాజమ్మ అప్పటిదాకా మంచం మీద కూర్చుని వింటోంది. సంగతి ఆమెకు సగమే చెప్పినట్టున్నాడు కొడుకు. "బజార్లనా? ఏం బజారు?" అంది.

"తార్నాకల, కూరగాయల కాడ, అవ్వా" అన్నాడు అయిష్టంగా.

"కూరగాయల కాడ? మీ నాయిన?"

"ఔ. సంచిల మునక్కాడలు, ఆలుగడ్డలు..."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాం. వసుంధరగారు లేచి పట్టుకోబోయారు. భుజాలు కదిలిపోతున్నాయి. చూస్తే నవ్వుతోంది. నవ్వు ఆగటం లేదు.

"అరే నర్సిం, ఆయన జన్మల ఒక్కనాడన్న సంచి వట్టిండారా? పటేల్ బిడ్డ కూరగాయలు మోస్తె ఇజ్జత్ పోతదని, నన్ను ముందల నడిపించి, తాను ఎనక చేతులూపుకుంట వచ్చెటోడు. బస్సుల నిలవడ్డా సంచి నా చేతిలనే. గిప్పుడు మోస్తుండా? మునక్కాడలు మోస్తుండా?" కళ్లు తుడుచుకుంది. "మోయనీ రా. జెర మోయనీ."

"అవ్వా, చింతపండు పోస్తరే ఆయన మీద!"

"పోస్తె? చింతపులుసు లేకుంటె ముద్ద మింగిండా ఆయన?"

లేచి ఆ స్టూలు దగ్గరికి పోయింది. దండ తీసి ఫోటోకు వేసింది. వంటింట్లోకి పోయి సంచిలో ఉల్లిగడ్డలు నింపుకుని వచ్చి, చేత్తో ఎత్తి బరువు చూసింది. పట్టీ లాగి చూసింది. "కుట్టు గట్టిగనే ఉన్నదే" అంది నాతో. నా ముప్పై ఏళ్ల మిషన్ పనికి అంతకన్నా పెద్ద మెప్పు నాకు ఎవరూ ఇవ్వలేదు.

తర్వాత ఆమె సజ్జ వైపు చూపించింది. పైన చుట్టలు చుట్టి పెట్టిన ఫ్లెక్సీలు. "ఆరు మూలలకు ఆరు కట్టిచ్చిండు వీడు. ఒకటి గాలికి వోయి మీకు దొరికింది. తక్కినయి గవ్వి. పారేద్దామంటె మొఖమాయె, తొక్కుడు వడ్తది. కాలవెడ్దామంటె మల్లోసారి కాలవెట్టినట్టాయె. ఉంచుకుందామంటె ఎలుకలు. ఏం జెయ్యాలె చెప్పు?"

నేనూ స్వరూపా ముఖముఖాలు చూసుకున్నాం. ప్రతి ఇంటి సజ్జ మీదా ఇలాంటి చుట్టలు ఉంటాయి. పారేయలేరు, దాచలేరు. మేము ఇన్నాళ్లూ ఎవరికీ అక్కర్లేని ఫ్లెక్సీల వెంట తిరిగాం. అక్కర తీరినా వదల్లేని ఫ్లెక్సీలు ఇళ్లలో ఉన్నాయి.

"సంవత్సరీకానికి వచ్చినోళ్లకు స్టీలు గిన్నెలు పంచుదామంటుండు వీడు" అంది రాజమ్మ. "గిన్నెలు అందరిండ్లల్ల కుప్పలున్నయి. సంచులు కుట్టిస్త. మొఖం బయటికే ఉండాలె. అందరిండ్లల్ల కూరగాయలు మోయాలె ఆయన."

నర్సింగరావు గోడకు ఆనుకుని తల్లి వైపు చూశాడు. తల్లి అంతగా నవ్వడం ఆ ఇంట్లో మళ్లీ ఎన్నాళ్లకో అని ఆయన మొహమే చెబుతోంది. చివరికి అన్నాడు, "మొఖం నేలకు తాకొద్దు."

"అడుగుకు జానెడు నల్లగుడ్డ వేస్తం అన్నా" అంది స్వరూప.

"తలపాగా మీద సూది వడొద్దు."

"పట్టీలు పక్కలకు కుడ్తం."

వసుంధరగారు ఆ సమయంలో కళ్లనీళ్లతో సంస్థ పాట అందుకోబోయారు. స్వరూప ఆమె చెయ్యి నొక్కింది.

సోమవారం

పొద్దున్నే ఎస్టేట్ ఆఫీసరు తాళంతో గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. మేము మిషన్ల మీద దుప్పట్లు కప్పి, బయట బారుగా నిలబడ్డాం. నర్సింగరావు స్కూటరు వచ్చింది. వెనక సీటు మీద ఫ్లెక్సీ చుట్టలు కట్టి ఉన్నాయి. ఆయన ఒక్కొక్కటి భుజాన వేసుకుని లోపలికి మోసుకుపోవడం మొదలుపెట్టాడు.

ఆఫీసరు దారికి అడ్డం నిలబడి, "ఏంది సార్ ఇది? ఫిర్యాదా, ఆర్డరా?" అన్నాడు.

"మా నాయిన సార్" అన్నాడు నర్సింగరావు. "జెర జరుగుర్రి."

ఆఫీసరు జరిగాడు. తాళం మళ్లీ గుత్తిలోకి పోయింది.

సంవత్సరీకానికి వచ్చిన చుట్టాలు ఆ సంచులు పట్టుకుని తమ ఊళ్లకు పోయారు. ఒక్కొక్క ఊరి నుంచి మనుషులు చుట్టలు మోసుకుని షెడ్డుకు రావడం మొదలైంది. ఫలానా మామ, ఫలానా పెద్దబాపు, ఫలానా అత్త. వచ్చినవాళ్లను మేము కూర్చోమనలేదు, పాట పాడలేదు. కండువా ఏ వైపు ఉండాలి, బొట్టు కనబడాలా, అడుగు నలుపా, నీలమా, ఇంతే అడిగాం. దాతల డబ్బు ఆగిపోయింది, షెడ్డు ఆగలేదు. భూమిని కాపాడతామని మొదలుపెట్టిన వ్యాపారం పోయినవాళ్ల పుణ్యాన నిలబడింది. రిపోర్టులో ఏమని రాయాలో తెలియక వసుంధరగారు ఎంతగానో అవస్థపడి, 'కుటుంబ జ్ఞాపికలు' అని రాశారు. ఎస్టేట్ ఆఫీసరు రిటైరైనప్పుడు తన సన్మానం ఫ్లెక్సీ తనే చంకలో పెట్టుకుని వచ్చాడు. "ముఖం బయటికే కదా?" అని మెల్లగా అడిగాడు.

ఇంక పిల్లలకు నేను చెప్పేది తక్కువే. వ్యాపారం ఏం పెట్టాలని మీటింగుల్లో అడక్కండి. జనం ఇళ్లకు పోయి సజ్జల మీదికి చూడండి, ఏది పారేయలేకపోతున్నారో, ఏది మోయలేకపోతున్నారో. తప్పు జరిగితే చార్టు తీయకండి, వాళ్ల గుమ్మం ముందుకు పోయి నిలబడండి. డైరెక్టర్లను ప్రేమించండి, గల్లా పెట్టె దగ్గర మాత్రం కూర్చోనివ్వకండి. సూది లావుది వాడండి.

నేను దిగిపోయిన రోజు షెడ్డులోనే సభ పెట్టారు. నా ముఖంతో ఫ్లెక్సీ కొట్టించారు. నా పేరు అంత పెద్ద అక్షరాల్లో నేనెప్పుడూ చూడలేదు. ఎదురుగా కూర్చుని నాలుగుసార్లు చదువుకున్నాను. వసుంధరగారు మాట్లాడటం మొదలుపెట్టారు, నా బాల్యం నుంచి. ఆవిడ నా పెళ్లి దాకా రాకముందే, వెనక కుర్చీ ఎక్కి స్వరూప తాడు విప్పుతోంది. నా సగం ముఖం మడతపడి కిందికి జారింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ ఫ్లెక్సీతో నాకొక సంచి కుట్టించుకున్నాను. మొన్న తార్నాకలో ఎప్పుడూ కొనే బండి దగ్గర, వంకాయలు పోయమని సంచి నోరు తెరిచి ముందుకు చాపాను. నేను వంగి పచ్చిమిర్చి ఏరుకుంటున్నాను, నా మొహం ఆ బండి అతనికి కనబడలేదు. సంచి మీది బొమ్మ కనబడింది. తక్కెడ చేతిలో అలాగే ఆగిపోయింది.

"అయ్యో, సత్తెమ్మ పెద్దమ్మ! ఎప్పుడు వోయింది పాపం?" అన్నాడు.

నేను తల ఎత్తాను.

"ఇంకా పోలే బిడ్డా. ఒక్క పుచ్చు వంకాయ గిండ్ల పడ్డదంటె మాత్రం, నువ్వు పోతవ్."